పసివారి పండుగలు, పుస్తకములు

వీధిబడులున్న కాలమున విజయదశమికి పది దినములు ముందుగనే పిల్లలకు చదువు తగ్గి పాట పెరిగెడిది. ఉదయమున పంతులుగారు పద్యమొకటి చెప్పెడివారు. పిల్లలందరును గొంతెత్తి దానిని వల్లించెడివారు. ఆ పద్యము ఏ పుస్తకమునందును ఉండెడిది కాదు. అది పంతులుగారికి వారి గురువుగారు చెప్పినదో, ఆ యేడు ఊరి పెద్దరైతు పేరు చేర్చి పంతులుగారే కట్టినదో పిల్లలకు తెలియదు, తెలియవలసిన పనియు లేదు. సరస్వతీపూజనాడు పుస్తకములకు పసుపుకుంకుమలు పెట్టిన పిమ్మట, వెదురుబద్దలకు రంగుకాగితములంటించి చేసిన చిన్న విండ్లు చేతబూని పిల్లలు బారులుతీరి ఇంటింటికి నడచెడివారు. పూలును బుక్కాయు ఇంటివారిపై చల్లుట, పద్యము పాడుట, ఇంటివారిని దీవించుట వారి పని. గృహస్థుడు పంతులుగారికి శక్తికొలది రూకలో, ధాన్యమో, పంచెలచాపో సమర్పించెడివాడు. పిల్లల దోసిళ్లలో పప్పుబెల్లములు పడెడివి.

బందరు వీధులలోను, గుడివాడ చుట్టుపట్ల పల్లెలలోను, దివిసీమ లంకలలోను ఈ వేడుక ఒక్కతీరుననే జరిగెడిది. అక్షరములు కూడబలుకుకొనుట సరిగా రాని బాలుడు సైతము నలుబది, ఏబది పాదములు తప్పులేక చదివెడివాడు. పంతులుగారి నోటికిని పిల్లవాని నోటికిని నడుమ కాగితమను వస్తువు లేదు.

ఆ దసరా పద్యములు నేడు వినబడవు. భక్తి తగ్గినందున పోయినవని పెద్దలు కొందరందురు. లెక్క సరిగా చూచినచో కారణము వేరొకటి కనబడును. వీధిబడి పంతులుగారికి నెలజీతము లేదు. పిల్లల తల్లిదండ్రులిచ్చు గింజలును, ఏటికొకమారు వచ్చు దసరా మామూలును ఆయన సంసారమునకాధారము. పద్యము వేడుకయే గాని, ఒకవిధముగా జీతపు బిల్లు కూడ. బోర్డు పాఠశాలలు వచ్చి ఉపాధ్యాయులకు జీతములేర్పడిన వెనుక ఇల్లిల్లు తిరుగవలసిన అవసరము తీరినది. జీతము వచ్చుట మంచిదే, దానికి విచారింప బనిలేదు. విచారింపదగిన దేమనగా, పద్యములు పోవుచున్నపుడు వాటిని వ్రాసి దాచవలెనని ఎక్కువమందికి తోచలేదు. నోట నున్నది ఎన్నటికిని నోటనే యుండునని అనుకొనిరి.

పిల్లల పండుగ పుస్తకముల చరిత్రకు ఇది మొదటి పుట. అది తెల్లపుట.

ఇక పిల్లవాని చేతికి వచ్చిన తొలి అచ్చుపుస్తకము బాలశిక్ష. పుదూరు సీతారామశాస్త్రిగారు 19వ శతాబ్దిలో కూర్చిన ఈ గ్రంథము పెరిగి పెద్ద బాలశిక్షయై తెలుగునాట ఇంటింటికిని చేరినది. అందు అక్షరములు, గుణింతములు, నీతివాక్యములు మాత్రమే గాక, వారములు, తిథులు, నక్షత్రములు, మాసములు, ఋతువులు, ప్రభవాది 60 సంవత్సరముల పేర్లు వరుసగా నుండును. నేటివారికి ఇది వట్టి పేర్ల పట్టికవలె తోచవచ్చును. కాని ఆ పట్టిక కంఠస్థమైన పదేండ్ల బాలుడు పంచాంగము విప్పి రేపు ఏ తిథియో ఇంటిలోని ముసలమ్మకు చెప్పగలవాడు. ఏకాదశి యెన్నడు, ఏరువాక పున్నమ యెన్నడు, అట్లతద్ది యెన్నడని అడుగువారు వానిచుట్టు చేరెడివారు. పసివానికి అంతటి గౌరవము తెచ్చిపెట్టిన పుస్తకమును పిల్లల పండుగ పుస్తకము కాదనుట తగదు.

డెల్టాలో పుట్టిన పిల్లవానికి మరియొక చిక్కు కూడ నుండెడిది. వానికి సంవత్సరములు రెండు. ఒకటి ఉగాదితో మొదలగును. రెండవది కాలువకు నీరు వదలుటతో మొదలగును. బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియైనది మొదలు ఈ ప్రాంతపు పండుగలన్నియు నీటి వెంబడి నడచినవి. నారుమళ్ల కాలమున ఏరువాక, ఊడ్పులు ముగిసి చేయి ఖాళీయైన వేళ వినాయకచవితి, చేను పొట్టమీద నున్నపుడు దసరా, కోతలై కుప్పలు పడి ధాన్యము ఇల్లు చేరునపుడు సంక్రాంతి. సర్కారు వారి ఫసలీ సంవత్సరము కూడ జులై 1న, అనగా ఇంచుమించు ఏరువాకతో ఆరంభమగును. బాలశిక్షలో చైత్రాది మాసములు కలవు గాని ఈ నీటి లెక్క లేదు. అది మద్రాసులో అచ్చైన పుస్తకము. కాలువ సంగతి దానికేమి తెలియును?

బాలశిక్ష తరువాత చెప్పదగినది వినాయక వ్రతకల్పము. అది పెద్దలు పూజ చేయించుకొనుటకు ఏర్పడిన చిన్న పొత్తము. కాని ఏటికొకమారు పిల్లలు తమంతట తాము వెదకి తీసి చదివినది అదియే. అందు శ్యమంతకమణి కథయుండుట ఒక కారణము. చవితినాడు ఆ కథ వినక చంద్రుని చూచినవారికి నీలాపనిందలు తప్పవన్న భయము రెండవ కారణము. వీనికంటె గొప్పది మూడవది కలదు. 21 విధములగు పత్రి కోసికొని వచ్చుట పిల్లల వంతు. పొత్తములో ఆ ఆకుల పేర్లు సంస్కృతమున నుండును. అపామార్గమనగా ఉత్తరేణి, అర్కమనగా జిల్లేడు, బదరి యనగా రేగు, సింధువారమనగా వావిలి, శమి యనగా జమ్మి అని ఇంటిలో నెవరో ఒకరు చెప్పవలెను. చెప్పినదానిని పట్టుకొని పిల్లలు చెరువుగట్లు, కాలువగట్లు, దిబ్బలు తిరుగవలెను. ఉప్పుగాలి వీచు దివిసీమ చివరి ఊళ్లలో దేవదారు దొరకదు, మాచిపత్రి దొరకుట కష్టము. దొరకనిదానికి బదులు దూర్వారయుగ్మము సమర్పించి తృప్తిపడెడివారు. పుస్తకము చదువుట, చదివినదానిని నేలమీద వెదకుట, దొరకనిదానికి ఉపాయము చూచుట అను మూడును ఒక్క ఉదయములో జరిగెడివి. పిల్లల చదువునకు ఇంతకంటె మంచి ఏర్పాటు పెద్దలు బుద్ధిపూర్వకముగా చేసియుండలేరు.

పండుగ కథను మాత్రము చెప్పి ఊరకుండు పుస్తకములు పిమ్మట ఎన్నియో వచ్చినవి. రాక్షసుడు పుట్టెను, దేవతలు మొరపెట్టుకొనిరి, రాక్షసుడు చచ్చెను, గావున పండుగ. పిల్లవాడు ఒకమారు చదివి మూసివేయును. వ్రతకల్పము వానికి పని చెప్పినది, అందువలననే బ్రదికినది. పల్లెటూరి గ్రంథాలయములలో నేటికిని భాద్రపదమాసము వచ్చుసరికి ఈ పొత్తము ముందుగా వెడలును. తిరిగి వచ్చునపుడు పసుపుమరకలతో వచ్చును.

పెద్దల సాహిత్యమున ఈ సీమకు లోటు లేదు. దివిసీమ శ్రీకాకుళములో వెలసిన ఆంధ్రమహావిష్ణువు హరివాసరమున కలలో కనబడి ఆనతీయగా కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను రచించినట్లు ఆ కావ్యావతారికయే చెప్పుచున్నది. గ్రీష్మమును, వర్షమును, శరత్తును ఆ ప్రబంధము వర్ణించినట్లు మరియొకటి వర్ణింపలేదనుట పండితులెరిగినదే. ఆ దేవునిమీదనే దివిసీమవాడగు కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకము చెప్పెను. గుడివాడకు దక్షిణముగా నున్న మొవ్వలో క్షేత్రయ్య పుట్టెను. ఇంతటి కవిత్వము పండిన నేలలో, వానాకాలమున కాలువగట్టుమీద కాగితపు పడవలు వదలు పిల్లవానికి వానకారును గూర్చిన పుస్తకము చాలకాలము లేకపోయెను. ఆముక్తమాల్యద వానికి కొరుకుడు పడదు. అది పెద్దలకే సులభముగా కొరుకుడు పడదు.

బందరులో 1902న కృష్ణాపత్రిక వెలసినది. ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమున అది దేశభక్తికిని కళాభిమానమునకును ఆటపట్టయినది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారల పూనికతో 1910లో ఆంధ్రజాతీయకళాశాల నెలకొన్నది. పరాయిచదువు చదివిన పిల్లవాడు తన ఊరి పండుగకు సిగ్గుపడరాదనుట ఆ మహనీయుల ఆశయములలో నొకటి. ప్రమోదకుమార చట్టోపాధ్యాయులవారు ఆ కళాశాలలో చిత్రలేఖనము నేర్పగా, శిష్యుడు అడివి బాపిరాజుగారు తరువాత ఆ కళాశాలకే అధ్యక్షులైరి. దేశీయమగు బొమ్మ ఎట్లుండవలెనో బందరు అట్లు నేర్చినది. కాని ఆ బొమ్మలు పత్రికలకును, పెద్దల గోడలకును చేరినంతగా పిల్లల పుస్తకములకు చేరలేదు. స్వరాజ్యసమరము ముమ్మరముగా నున్న దినములలో పిల్లల అలమర నింపువారెవరు?

పండుగకును అచ్చుకాగితమునకును ముడివేసినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆయనది కృష్ణాజిల్లా ఎలకుర్రు. ఆయన 1908లో స్థాపించిన ఆంధ్రపత్రిక ఏటేట ఉగాది సంచిక వెలువరించు సంప్రదాయమును పాదుకొల్పినది. సంచిక పెద్దలకుద్దేశించినదైనను, ఇంటికి వచ్చిన తక్షణము దానిలోని రంగుల చిత్రములకై పిల్లలు పోట్లాడుకొనెడివారు. క్రొత్తబట్టలవలె క్రొత్తపుస్తకము కూడ పండుగకు రావలెనను ఆశ పిల్లలలో కలుగుటకు ఇట్టి ప్రత్యేక సంచికలే మొదటి కారణము.

పిల్లల మాటకు పండితుని గౌరవమిచ్చిన పుణ్యము దివిసీమవారికే దక్కినది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1888లో పెదకళ్లేపల్లిలో జన్మించిరి. బందరులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి శిష్యులు. మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకాలయమున తాళపత్రములతో కాలము గడపినవారు. చాటుపద్యములను ఏర్చి 1913లో చాటుపద్య మణిమంజరిగా ప్రకటించిన ఈ మహాపండితుడే, తల్లులు పసిబిడ్డలతో ఆడు మాటలను, పిల్లలు ఆటలలో పాడు పాటలను చేర్చి బాలభాష యను పేర సంతరించిరి. శాసనములు చదువువారు ఉయ్యాలపాటను చెవియొగ్గి వినుట ఆ కాలమున వింతయే. బిడ్డను చందమామకు చూపుచు పాడు పాట, కాళ్లమీద నూపుచు పాడు పాట, చేతివ్రేళ్లు మడచుచు చెప్పు మాట వీనిలో ఏదియు ఆయన చేత అల్పమనిపించుకొనలేదు. టేకుమళ్ల కామేశ్వరరావుగారు, శ్రీకృష్ణశ్రీగారు, నేదునూరి గంగాధరముగారు మున్నగువారు కూడ పాతపాటలను, స్త్రీల పాటలను, పల్లెపదములను ప్రోగుచేసి అచ్చొత్తించిరి. గొబ్బిపాటలు, అట్లతద్ది పాటలు నేడు కాగితముపై కొంతగానైన నిలిచియున్నవన్న అది వీరి కష్టఫలము. పెదకళ్లేపల్లి వేటూరివారింటివాడే సుందరరామమూర్తిగారు తరువాత సినిమాపాటలతో తెలుగుదేశమంతయు మార్మ్రోగించిరి. ఆ ఇంటిగాలిలో ఏదో పాట యున్నదని ఊరివారనుకొనుటలో తప్పులేదు.

గుడివాడ ప్రాంతమునుండి వచ్చిన కానుక వేరొకవిధమైనది. కౌతవరమున 1913లో పుట్టిన బి.వి. నరసింహారావుగారు బాలబంధు అను పేర ప్రఖ్యాతులు. ఆయన నాట్యమును ఎరిగినవారు, గావున ఆయన పిల్లలకొరకు కట్టిన పాట కూర్చుండి చదువుటకు కాక లేచి ఆడుటకు పనికివచ్చునట్లుండును. బాలరసాలు, పాలబడి పాటలు మున్నగునవి ఆయన రచనలు. పాత పాటలను దాచుట ఒక పని, క్రొత్త పిల్లలకు క్రొత్త పాట కట్టుట రెండవ పని. మొదటిది పండితుడు చేయగలడు. రెండవదానికి పసివారితో గంతులు వేయగల మనస్సు కావలెను. 1994లో పరమపదించువరకు ఆయన బాలబంధువే.

మద్రాసులో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో బాల పత్రికను నెలకొల్పిరి. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా వారెరుగని తెలుగు పిల్లవాడు లేడు. బాల 1959 వరకు నడచినది. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు చందమామను ప్రారంభించిరి. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు దానికి ప్రాణము పోసిరి. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్యగారల బొమ్మలలో డెల్టాపిల్లలు తొలిసారి పురాణపురుషులను కన్నులార చూచిరి. పాపయ్యగారి ముఖచిత్రములను కత్తిరించి దేవుని గూటిలో అంటించుకొన్న ఇండ్లు కలవు. పండుగ నెలలో చందమామ ఆలస్యమైనచో పోస్టుమాన్‌కు పిల్లల చేత చీవాట్లు తప్పెడివి కావు. ఆ పత్రిక 2013 నాటికి నిలిచిపోయినది. నిలిచిన నెల ఏదో పల్లెలలో చాలమందికి తెలియనే లేదు. అప్పటికే పిల్లలు పోస్టుమాన్ కొరకు ఎదురుచూచుట మానియుండిరి.

పత్రిక కొనలేని ఇంటి పిల్లవానికి దిక్కు గ్రంథాలయమే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమేర్పడి, అయ్యంకి వెంకటరమణయ్యగారి పట్టుదలతో ఊరూర గ్రంథాలయములు వెలసినవి. కృష్ణకు ఆవలియొడ్డున పెదపూడివారు 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో కాలువపై పడవ గ్రంథాలయము నడిపిరి. పడవప్రయాణము తెమలని వ్యవహారము, గావున చదువుటకు అనువైనది. మద్రాసు రాష్ట్రపు 1948 చట్టమును, ఆంధ్రప్రదేశ్ 1960 చట్టమును వచ్చిన పిమ్మట ఇంటిపన్నుపై గ్రంథాలయ సుంకమేర్పడినది. ఇప్పుడది రూపాయికి 8 పైసలు. ఇంటిపన్ను రసీదులో ఆ పద్దు చూచి విసుగుకొనువారు, తమ పిల్లవాడు గ్రంథాలయమునుండి తెచ్చిన బొమ్మల పుస్తకము ఆ 8 పైసల వడ్డీయేనని గుర్తించుట మంచిది.

ఢిల్లీలో 1957న నేషనల్ బుక్ ట్రస్టు, చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు రెండును వెలసినవి. నెహ్రూ బాలపుస్తకాలయము పేర వచ్చిన పుస్తకములు తెలుగులోకి కూడ అనువాదములై పల్లెలు చేరినవి. చవుకయైనవి, చక్కని బొమ్మలు గలవి. వానివలన దివిసీమ పిల్లలు ఇతర రాష్ట్రముల పండుగలు తెలిసికొనిరి. దేశమొక్కటియని తెలియుటకు అది కావలసినదే. అయితే ఇతరుల పండుగ పుస్తకములో చదివి, తన పండుగకు పుస్తకము లేదని చూచిన పిల్లవాడు, తనది పుస్తకమునకెక్కదగినది కాదేమో అనుకొనును. ఈ ప్రమాదము చిన్నది కాదు.

నోటనున్నది నోటనే యుండునను నమ్మకమునకు 1977లో దెబ్బ తగిలినది. ఆ సంవత్సరము నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినది. ప్రభుత్వపు లెక్కలో చనిపోయినవారు 10,000కు దగ్గర. అంతకు మునుపు 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయిరందురు. పంచాంగము చూచినచో రెండును కార్తీక శుద్ధములోనివే. 1977లో దీపావళి గడచి పది దినములు నిండలేదు. నాగులచవితి అంతకు కొలదిదినముల క్రిందటనే జరిగినది. పుట్టలో పాలుపోసి వచ్చిన పిల్లలు, వారికి ఆ పూట పాట చెప్పిన అవ్వలు ఒక్కమారుగా కొట్టుకొనిపోయిరి. కొట్టుకొనిపోయిన పశువులకు, గడ్డివాములకు, ఇండ్లకు, పొలములో మేటవేసిన ఇసుకకు లెక్కలు వ్రాయబడినవి. పాటలకు ఏ రిజిస్టరులోను కాలమ్ లేదు. ఒక్కొక్క పల్లెలో గొబ్బిపాటకు గల వరుసభేదములు, లంకలలో పాడు ఉయ్యాలపాటలు ఎన్ని పోయినవో చెప్పుటకు సాధనము లేదు. ప్రభాకరశాస్త్రిగారి వంటివారు మరి పదుగురు ఊరికొకరుగా ఉండియుండినచో నీటికి అందని చోట ఒక ప్రతియైన మిగిలియుండును.

ఉప్పెన ఒక్కదినములో చేసినదానిని కాలము మెల్లగా చేయుచున్నది. ఏరువాక పున్నమకు కొమ్ములకు రంగులు పూయుటకు ఇంట ఎద్దులు లేవు. ట్రాక్టరుకు పసుపు బొట్టు పెట్టుచున్నారు, అదియు ఒక సంతోషమే. కోతయంత్రము చేనిలో దిగిన పిమ్మట కుప్పనూర్పిడి వేడుక లేదు. గొబ్బెమ్మకు ఆవుపేడ ఊరిలో వెదకవలసి వచ్చుచున్నది. బొమ్మలకొలువులో కొండపల్లి దశావతారముల ప్రక్కన ప్లాస్టిక్ బొమ్మలు చేరినవి. బొమ్మలకొలువును అక్షరములు లేని పుస్తకమనవచ్చును. మెట్టుమెట్టునకు ఒక కథ నడచును, చదివి చెప్పునది అవ్వ. అవ్వ పట్నములో మనుమల కడకు వెళ్లిన ఇంట కొలువున్నను కథ లేదు.

అమెరికా చేరిన డెల్టావారి పిల్లల సంగతి ఇంకను విచిత్రము. సిలికానాంధ్ర సంస్థ 2007 మొదలు మనబడి నడుపుచు అక్కడి పిల్లలకు తెలుగు నేర్పుచున్నది. అక్కడి పిల్లవానికి భోగిమంట ముందుగా పుస్తకములో కనబడును, పిదప ఎన్నడో సెలవులకు గుడివాడ వచ్చినపుడు నేలమీద కనబడును. వాని తాతకు పండుగ ముందు, పుస్తకము వెనుక. వరుస తలక్రిందులైనది. ఇట్టి పిల్లవాని చేతిలో నున్న పుస్తకము తప్పు చెప్పినచో దిద్దువారు లేరు. భోగిపండ్లలో రేగుపండ్లు, చెరకుముక్కలు, చిల్లరనాణెములు ఉండునని పుస్తకము చెప్పకున్న వాడు మరి యెచట నేర్చును? కావున ఇపుడు పండుగ పుస్తకము వ్రాయువారు పూర్వముకంటె ఎక్కువ జాగ్రత్తతో వ్రాయవలసియున్నది.

ఇటీవల మంచి యత్నములు లేకపోలేదు. గాజుల సత్యనారాయణగారు పెద్ద బాలశిక్షను క్రొత్తకాలమునకు తగినట్లు కూర్చి 2004లో ప్రకటింపగా అది లక్షణముగా చెల్లినది. సికింద్రాబాదులోని మంచిపుస్తకమువారు స్వల్పవెలకు బొమ్మల పుస్తకములిచ్చుచున్నారు. బెజవాడలో 1989 నుండి జనవరి మొదట జరుగు పుస్తకమహోత్సవము సంక్రాంతికి ముందుగనే వచ్చుట గ్రంథాలయములకు కలిసివచ్చిన సంగతి. పండుగ పద్దులో బట్టల ప్రక్కన రెండు పుస్తకములు వ్రాసికొను తల్లిదండ్రులు కొందరు కలరు.

అయినను ఈ మూడు సీమల సొంత పండుగలు పిల్లల పుస్తకములలో అరుదు. బందరులో దసరాకు శక్తిపటములను మోసికొని డప్పులతో ఊరేగుదురు. కార్తీక పూర్ణిమకు మంగినపూడి సముద్రస్నానము, చిలకలపూడి పాండురంగని ఉత్సవము. పీర్ల పండుగకు మతభేదము లేక పిల్లలందరును గుండము చుట్టును పరుగెత్తుదురు. 1843లో నోబిల్ దొర బడి పెట్టిన బందరులో క్రిస్మసు నక్షత్రములు వ్రేలాడును. మోపిదేవిలో సర్పరూపుడగు సుబ్రహ్మణ్యేశ్వరునికి నాగులచవితినాడు బారులుతీరిన తల్లుల చంకలలో పిల్లలుందురు. పెదకళ్లేపల్లి నాగేశ్వరస్వామికి శివరాత్రి తిరునాళ్ల జరుగును. ఆ తిరునాళ్లలో కొన్న బూర ఎంతదూరము వినబడునో, ఏ రేవున పడవ దిగెడివారో, జాగరణమున పిల్లలను మేలుకొలుపుటకు పెద్దలేమి చెప్పెడివారో వ్రాయుటకు మహాకవి అక్కరలేదు. డెబ్బదియేండ్ల అవ్వయు, నూరు పుటల నోటుపుస్తకమును, వ్రాత కుదిరిన ఎనిమిదవ తరగతి బాలికయు చాలును. అట్టి వ్రాతప్రతి ఒక్కటి బాలల విభాగములో నున్న గ్రంథాలయము, అచ్చుపుస్తకములు వేయి గల గ్రంథాలయముకంటె ఒక మెట్టు పైన నుండును.

హంసలదీవిలో కాకి కృష్ణాసంగమమున మునిగి తెల్లని హంసగా లేచినదని స్థలపురాణము. పిల్లల పుస్తకమునకు ఇంతకంటె తగిన బొమ్మ దొరకదు, ఒక పుట నలుపు, మరుపుట తెలుపు. మాఘపూర్ణిమకు వేణుగోపాలస్వామి ఉత్సవమై, రాత్రి తెల్లవారకమునుపే బండ్లమీదను, ట్రాక్టర్లమీదను, నడచియును జనము సాగరసంగమమునకు పోవుదురు. త్రోవ పాలకాయతిప్ప మీదుగా సాగును. 1977లో తుడిచిపెట్టుకొనిపోయిన పల్లెలలో అదియొకటి. అచట బండి ఆపి పెద్దలు కొందరు ఆనాటి సంగతి చెప్పుదురు. పిల్లలు నిద్రకన్నులతో విందురు. తరువాత దూరమున అలల చప్పుడు వినబడగానే బండి దిగి ఇసుకమీద పరుగెత్తుదురు.